చెక్కలో కోసిన అక్షరం, వెనుక నిలిచిన రంగు
(ప్లాటినం జూబిలీ సందర్భముగా చేసిన ప్రసంగ పాఠము)



పలుచని చెక్కపై బొమ్మనో అక్షరాన్నో గీసి, వెంట్రుకవంటి బ్లేడు గల రంపంతో గీతల వెంబడి కోసి, లోపలి భాగాలను తీసివేసే నగిషీ పనికి ఫ్రెట్‌వర్క్ అని పేరు. చేతి రంపంతో చేసినా, బ్లేడు తనంతట తాను పైకీ కిందికీ ఆడే స్క్రోల్ రంపంతో చేసినా పని తీరు ఒక్కటే. 1937లో వార్ధా విద్యా సభలో గాంధీజీ ముందుంచిన మౌలిక విద్య చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపింది. నూలు వడకడం, చెక్కపని, అట్టపని వంటివి ఆ తరువాతి కాలంలో అనేక బడుల తరగతి గదుల్లోకి వచ్చాయి. ఫ్రెట్‌వర్క్ కూడ అటువంటి బడి పనులలో ఒకటి.

ఈ పనిలో అందరి కన్నూ కోత మీదనే ఉంటుంది. కోసిన చేతి నేర్పును మెచ్చుకుంటారు. ఆ కోత వెనుక అతికించే రంగు కాగితాన్ని, గుడ్డను, పలకను ఎవరూ తలచుకోరు. చాలమంది దానిని పని అంతా ముగిసిన తరువాత, చేతికందిన ముక్కతో అంటించి సరిపెడతారు. తెలుగు అక్షరాన్ని కోసేవారికి మాత్రం ఆ నిర్లక్ష్యం చెల్లదు. ఇందుకు కారణం తెలుగు లిపి నిర్మాణంలోనే ఉంది.

విద్యార్థులు “పాఠశాల” అనే మాటను చెక్కలో కోయబూనారనుకుందాం. మొదటి చిక్కు “ఠ” దగ్గర వస్తుంది. గుండ్రని సున్న, నడుమ ఒక చుక్క, పైన తలకట్టు. ఆ చుక్క సున్నను ఎక్కడా తాకదు. అక్షరాన్ని నిలిపి చుట్టూ ఉన్న చెక్కను కోసివేస్తే చుక్క ఊడి కింద పడుతుంది. అక్షరాన్నే కోసి తీసి, చుట్టూ ఉన్న పలకను నిలిపితే సున్న లోపలి బిళ్ళ చుక్కతో సహా ఊడిపోతుంది. ఎటుచూసినా నష్టమే. చుక్క పోయిన “ఠ” వట్టి “ర” అవుతుంది. పాఠశాల కాస్తా “పారశాల” అవుతుంది. బడి పేరే ఒక చుక్క మీద నిలిచి ఉన్నదన్నమాట.

చిక్కు అంతటితో తీరదు. “ప”, “స” వంటి అక్షరాల తలకట్టు అచ్చులో ఒంటికి అంటకుండ విడిగా నిలుస్తుంది. ఒత్తులు తల్లి అక్షరానికి కింద వేరుగా వేలాడుతుంటాయి. తెలుగు ఇంట వినిపించే పిలుపులను గమనించండి: అమ్మ, నాన్న, అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. వీటన్నిటిలోనూ ఒత్తు ఉంది. ఈ పేర్లన్నీ విడిముక్కల సమూహాలే. వాటిని చెక్కలో కోస్తే, వెనుక ఆధారం లేనిదే ఒక్క పేరూ నిలవదు.

పొరుగు లిపికీ ఈ బాధ తప్పలేదు. తమిళంలో పొల్లు హల్లును తెలుపడానికి అక్షరం నెత్తిన పుళ్ళి అనే చుక్క పెడతారు. ఆ భాష పేరును ఆ లిపిలో రాసినప్పుడు చివరి అక్షరం మీద ఆ చుక్క ఉంటుంది. అది రాలిపోతే ఉచ్చారణ మారిపోతుంది. ఇంటి భాషలో బడి పేరు, ఊరి భాషలో ఆ భాష పేరు, రెండూ చెక్కలో నిలవాలంటే వెనుక పలక ఆసరా కావలసిందే.

ధాన్యపు గోనెల మీద, లారీల మీద అక్షరాలు వేసే రేకు అచ్చులలో ఈ సమస్యకు వేరొక ఉపాయం ఉంది. లోపలి ముక్క ఊడకుండ సన్నని వంతెన వదులుతారు. పని జరుగుతుంది గాని, గుండ్రని తెలుగు అక్షరం నడుమ గీత పడి ముఖం మీద గాటువలె కనిపిస్తుంది. వెనుక పలక ఉన్నచోట వంతెన అక్కరలేదు. విడిముక్కలన్నిటినీ ఆ పలకే తన మీద మోస్తుంది, అక్షరం తన రూపం తాను నిలుపుకుంటుంది. కాబట్టి వెనుక రంగు అలంకారం మాత్రమే అనుకోవడం పొరపాటు. అక్షరానికి అది నేల.

శివకాశి ప్రాంతపు పిల్లలకు ఈ సంగతి కొత్తగా అనిపించనక్కరలేదు. పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని, 1923లో శివకాశిలో ఆ పరిశ్రమకు అంకురార్పణ చేశారు. వర్షం తక్కువగా ఉండే పొడి వాతావరణం ఆ పనికి కలిసివచ్చింది. ఆ పరిశ్రమ కోవిల్‌పట్టి పరిసరాలకూ వ్యాపించింది. అట్టపెట్టెలు రాకముందు అగ్గిపెట్టెను కాగితమంత పలుచని చెక్క పొరతో చేసేవారు. మడతల వద్ద గీటు పెట్టి వంచిన ఆ పొర తనంతట తాను నిలిచేది కాదు. దాని చుట్టూ బంకతో అంటించిన రంగు కాగితమే దానిని పెట్టెగా పట్టి ఉంచేది. చెక్కను కాగితం మోయడమనే విచిత్రం ఈ ప్రాంతంలో ఇంటింటా జరిగిన పని. ఆ పెట్టెల మీది లేబుళ్ళ అవసరమే ఈ ఊరి ముద్రణ పరిశ్రమకు దారి తీసింది. రంగు, కాగితం, జిగురు అనే మూడింటి గుణం తెలిసిన పనివారికి ఇక్కడ కొదువ లేదు.

ఇక రంగు ఎంపిక సంగతి. మొదట చూడవలసినది రంగు పేరు గాదు, వెలుగు చీకటుల తేడా. లేత ప్లైవుడ్ మీద లేత ఆకుపచ్చ, లేత నారింజ రెండూ చేతిలో అందంగా ఉంటాయి. గోడకు తగిలించి పది అడుగుల దూరం నుంచి చూస్తే చెక్కలో కలిసిపోతాయి. లేత చెక్కకు ముదురు నీలం, కుంకుమ రంగు, నలుపు తగినవి. టేకు, నూకమాను వంటి ముదురు చెక్కకు మీగడ తెలుపు, లేత పసుపు తగినవి. పరీక్షకు ఒక సులువైన మార్గం ఉంది: అంటించక ముందే రంగు కాగితాలను ఒక్కొక్కటిగా కోత కింద జరిపి, దూరంగా నిలిచి, కళ్ళు సగం మూసి చూడాలి. అప్పుడు కూడ అక్షరం చదవగలిగితే ఆ రంగు పనికివస్తుంది. పాత అగ్గిపెట్టె లేబుళ్ళు రెండు మూడు నిండు రంగులతోనే దూరపు కంటిని పట్టడంలోని రహస్యం ఇదే.

రెండవది నీడ. అక్షరం పలకలో లోతుగా ఉన్నప్పుడు చెక్క మందం వలన అంచు నీడ లోపలి రంగు మీద పడుతుంది. సందు ఎంత సన్ననైతే నీడ అంత ఎక్కువ. చేతిలో ముదురు నీలంగా ఉన్న కాగితం సన్నని కోత లోపల నల్లగా కనిపిస్తుంది. కాబట్టి కావలసిన రంగు కన్న ఒక ఛాయ కాంతివంతమైనది ఎంచుకోవాలి. చెక్క మూడు మిల్లీమీటర్ల మందముంటే నీడ కొద్దిపాటిది, ఆరు మిల్లీమీటర్లుంటే అది స్పష్టంగా తెలుస్తుంది.

మూడవది ఉపరితలం. మెరుపు కాగితం ప్రతి దీపాన్నీ ప్రతిఫలింపజేసి కంటిని చెదరగొడుతుంది, అక్షరం చదవడం కష్టమవుతుంది. ముఖమల్ గుడ్డ వెలుగును మింగి లోతును చూపుతుంది, నల్ల ముఖమల్ మీద లేత చెక్క అక్షరం గాలిలో నిలిచినట్లుంటుంది. గుడ్డ పీచు జిగురులో తడిసి గట్టిపడకుండ చూసుకోవడమే అందులోని జాగ్రత్త. అట్టకు గాని హార్డ్‌బోర్డుకు గాని రంగు పూసి వాడేవారు, ఆ పూత పూర్తిగా ఆరిన తరువాతనే చెక్కను దాని మీద మోపాలి. పైకి ఆరినట్లున్న పూత బరువు కింద చెక్కకు అంటుకుపోయి, తీసినప్పుడు పెచ్చులూడుతుంది.

నాలుగవది కాలం. దుకాణం ముందు ఎండ తగిలే చోట అంటించిన ముద్రిత చిత్రాలు ఒకటి రెండు వేసవులకు ఎరుపూ పసుపూ వెలిసిపోయి నీలి ఛాయతో మిగలడం అందరూ చూసినదే. నాలుగు రంగుల అచ్చులో ఆ రెండు సిరాలు ఎండకు త్వరగా లొంగుతాయి. పండుగ తోరణాలకు వాడే పలుచని రంగు కాగితం మరీ త్వరగా వెలుస్తుంది. అక్షరం ఏండ్ల తరబడి నిలవాలనుకుంటే ఎండ పడని గోడను ఎంచుకోవాలి, లేదా వెనుక పలకను మార్చుకునే వీలుండేలా బిగించాలి. ఈ రెండవ మాటను మరల తలచుకోవలసి ఉంటుంది.

వెనుక నుంచి వెలుగు రావడం మరొక పద్ధతి. తెలుగునాట తోలుబొమ్మలాటలో మేక తోలును పారదర్శకంగా తీసి, రంగులు వేసి, నగలకూ అంచులకూ సన్నని చిల్లులు పొడుస్తారు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట ఆ పనికి పేరుగన్న ఊరు. అక్కడ బొమ్మ వెనుక నిలిచేది దీపం. చిల్లు కంటికి రత్నమై మెరవడానికి కారణం వెనుకనున్న వెలుగే. చెక్క కోత వెనుక రంగు గాజు కాగితం ఉంచి, దాని వెనుక దీపం పెట్టినా ఇదే ఫలితం కలుగుతుంది. దీపపు వేడి చెక్కకు, కాగితానికి తగలనంత దూరం ఉంచడం అవసరం.

ఇప్పుడు అతికించే క్రమం. కోత ముగిసిన వెంటనే జిగురు డబ్బా మూత తీయరాదు. ముందుగా చెక్క వెనుకవైపు లేచిన పీచును ఉప్పు కాగితంతో తీసి, ధూళిని కుంచెతో దులపాలి. ముందువైపు వార్నీషు పూర్తిచేసి ఆరనివ్వాలి. రంగు అంటించిన తరువాత వార్నీషు పూస్తే, అది సందుల గుండా కారి రంగును మరకలు చేస్తుంది.

జిగురును కాగితానికి పూయకూడదు, చెక్కకే పూయాలి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. దాని వలన ముడతలు పడతాయి, పలుచని పలక వంగిపోతుంది. పుస్తకాలు కట్టేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అట్టకు ఒకవైపు కాగితం అంటిస్తే రెండవవైపు కూడ అంటించి ఆ లాగుడును సరిచేస్తారు. ఫ్రెట్‌వర్క్ పలకకూ అదే మందు. కోత అంచు నుంచి కొంచెం ఎడంగా పలుచగా జిగురు పూయాలి. అంచు దాకా పూస్తే నొక్కినప్పుడు పొంగి ముందుకు వస్తుంది. సన్నని తీగల వంటి చోట్ల అగ్గిపుల్ల కొనతో చిన్న చుక్కలు పెడితే చాలు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు చెక్కకు గట్టి పట్టు. మైదా బంక కాగితానికి మంచిదే గాని నీరు ఎక్కువ, పురుగుకు ఇష్టం. పురుగు పట్టకుండ కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లల చేతికి ఆ బంక ఇవ్వరాదు.

అతికించిన పలకను రెండు చదునైన చెక్కల నడుమ, మైనపు కాగితం అడ్డుపెట్టి, పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచాలి. ఈ ప్రాంతంలో వేసవిలో జిగురు అతి త్వరగా ఆరుతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గాలిలో తేమ వలన నెమ్మదిగా ఆరుతుంది. తొందరపడి బరువు తీసినవారి పలక అంచుల వద్ద లేస్తుంది. ప్లైవుడ్ కాక నిండు చెక్కతో చేసిన పని అయితే, రుతువుతో పాటు చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అట్టివాటికి నలువైపులా జిగురు వేసి బంధిస్తే చెక్క చీలుతుంది. నడుమ మాత్రమే అతికించి, అంచులను చట్రంలో వదులుగా కూర్చోబెట్టాలి.

విడిముక్కల సంగతి మిగిలింది. “ఠ” లోని చుక్కను మరల సరిగ్గా నడుమ నిలపడం ఎట్లు? కంటి అంచనాకు వదిలితే చుక్క పక్కకు జరుగుతుంది. దీనికి పనివారి ఉపాయం చెత్త ముక్కను పారవేయకపోవడం. అక్షరాన్ని పలకకు అతికించిన తరువాత, సున్న లోపలి నుంచి కోసి తీసిన బిళ్ళను మరల అదే చోట జిగురు లేకుండ పెట్టాలి. ఆ బిళ్ళ నడుమనున్న రంధ్రంలో చుక్కను జిగురుతో దింపాలి. పట్టు వచ్చిన పిమ్మట బిళ్ళను మెల్లగా పైకి తీసివేస్తే చుక్క దాని స్థానంలో నిలిచి ఉంటుంది. ఒత్తులకూ తలకట్టులకూ ఇదే పద్ధతి. కోసేటప్పుడే ప్రతి ముక్క వెనుక పెన్సిలుతో అంకె వేసి, ఒక పళ్ళెంలో క్రమంగా పేర్చుకోవాలి. పని పూర్తయ్యేవరకు దేనినీ చెత్త అనరాదు. తాను మిగలకపోయినా, మరొకదాని చోటును కాపాడే ముక్క కూడ పనికి అవసరమే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. శివకాశిలో పిల్లల చేతులు, జిగురు, రంగు కాగితం అనే మాటలు ఒకచోట కలిసినప్పుడు పెద్దలకు వేరొక జ్ఞాపకం వస్తుంది. అగ్గిపెట్టెల పనిలో బాలల శ్రమ ఈ ప్రాంతానికి దేశవ్యాప్తంగా అపకీర్తి తెచ్చింది. 1986లో బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. శివకాశి బాలల విషయమై ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు చెబుతూ, చట్టాన్ని మీరి పనిలో పెట్టుకున్న ప్రతి బాలునికి యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి చెల్లించాలని ఆదేశించింది. 2016లో చేసిన సవరణ పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఏ వృత్తిలోనూ నియమించరాదని నిర్దేశించింది. కుటుంబానికి సాయపడే పనులకు మాత్రం, బడి వేళలకు అడ్డురాని మేరకు, అందులో మినహాయింపు ఉంది.

కాబట్టి బడిలో చేతిపని అన్నంతనే తల్లిదండ్రులలో కొందరు అనుమానపడితే అందులో తప్పు లేదు. రెండింటికీ భేదం ఎక్కడ ఉన్నది? కూలిపనిలో చేతులు ఒకే పెట్టెను వేలసార్లు అంటించాయి. ఎందుకు అంటిస్తున్నామని ఆ చేతులను ఎవరూ అడగనివ్వలేదు. బడి పనిలో ఒకే పలక ఉంటుంది, దానికి ముందు వంద ప్రశ్నలుంటాయి. ఏ రంగు కనిపిస్తుంది, కాగితం ఎందుకు ముడుచుకుంది, చుక్క ఊడితే మాట ఎందుకు మారింది? వేగం లెక్కకు రాదు. చెడిన పలకకు కూలి కోత ఉండదు, మరొక పలక ఉంటుంది. ఆ భేదాన్ని కాపాడడం ఉపాధ్యాయుల బాధ్యత. రంపం, బర్మా, వార్నీషు పెద్దల పర్యవేక్షణలోనే వాడాలి, చెక్కపొడి ముక్కులోకి పోకుండ గుడ్డ కట్టుకోవాలి.

ఇంతకూ చెక్కలో తెలుగు అక్షరం కోయడం ఎందుకని అడిగేవారుండవచ్చు. ఈ జిల్లాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మాట నిలిచింది, లిపి చాల ఇండ్లలో జారిపోయింది. కోవిల్‌పట్టి సమీపాన ఇడైసేవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువారు దక్షిణానికి తరలివచ్చి ఊరు కట్టుకున్న కథను తమిళంలో నవలగా రాశారు. దానికి కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన కన్నుమూశారు. తెలుగు బతుకును తమిళ అక్షరం మోసింది. అంతకు ఎన్నో తరాల ముందే, శ్రీకృష్ణదేవరాయలు శివకాశికి చేరువలోనే ఉన్న శ్రీవిల్లిపుత్తూరు కథను ఆముక్తమాల్యదగా తెలుగులో రచించారు. తమిళ నేల కథను తెలుగు అక్షరం మోసింది. ఒకదానికొకటి నేలగా నిలవడం ఈ రెండు భాషలకు పాత అలవాటు.

తమిళనాడులో 2006 నాటి చట్టం బడులలో తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. ఊరి భాష నేర్చుకోవడం పిల్లలకు మేలే. ఆ నేల మీద ఇంటి అక్షరం కూడ ఊడిపోకుండ నిలవాలన్నదే ఇక్కడి తల్లిదండ్రుల ఆరాటం. నేల గట్టిగా ఉన్నంత మాత్రాన చుక్క తనంతట తాను నిలవదు. దానిని చోటు చూసి ఎవరో ఒకరు అతికించాలి. అక్క పేరులోని ఒత్తును, బడి పేరులోని చుక్కను తన చేతితో కోసి, తన చేతితో నిలిపిన బాలిక ఆ అక్షరాన్ని తిరిగి మరచిపోవడం కష్టం.

వెనుక పలకను మార్చుకునే వీలుండాలని ముందే చెప్పుకోవడం జరిగింది. తెలిసిన పనివారు అక్షరాలను రంగు గుడ్డ తొడిగిన హార్డ్‌బోర్డుకు అతికించి, ఆ బోర్డును చట్రానికి చిన్న మరమేకులతో బిగిస్తారు. విడిముక్కలు లేని నిండు పలక అయితే జిగురే లేకుండ గుడ్డబోర్డును వెనుక నుంచి బిగించి వదిలివేస్తారు. పదేండ్లకు గుడ్డ వెలిస్తే మేకులు విప్పి కొత్త గుడ్డ తొడుగుతారు. విడిముక్కలున్న పలకకు ఆ సౌలభ్యం లేదు. రంగు వెలిసిన నాడు కొత్త పలక సిద్ధం చేసి ప్రతి చుక్కను, ప్రతి ఒత్తును మరల ఒక్కొక్కటిగా నిలపవలసిందే. అందుకు ఆ అక్షరాలను ఎరిగినవారు అప్పటికీ ఉండాలి. ఏ ముక్క ఎక్కడిదో చెప్పగలవారు ఉండాలి.

డెబ్బది ఐదేండ్లు నిండిన పాఠశాలకు ఆ ఎరిగినవారిని తయారుచేయడం కంటె ముఖ్యమైన పని లేదు. ఆ పనిని రాబోయే తరాల విద్యార్థులు శ్రద్ధతో కొనసాగింతురు గాక.

స్వస్తి.